హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ కన్సోల్ కొనాలా? నెల్లూరు, ఒంగోలు వైపు గేమర్లు పదే పదే అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు... ఎక్కడి గేమర్ ఫోన్ చేసినా హ్యాండ్‌హెల్డ్ (చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్) గురించి అడిగేవి దాదాపు ఇవే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను: మన ఎండలకీ, మన నెట్‌కీ, మన జేబుకీ నప్పేది తక్కువ వాట్లతో ఎక్కువసేపు ఆడించే మెషీన్. బాక్సు మీద పెద్ద పెద్ద నంబర్లున్న మెషీన్ కంటే దానితోనే ఎక్కువ గేములు పూర్తి చేస్తారు.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఏందన్నా, చేతిలో మంచి ఫోన్ ఉండగా మళ్ళీ ఇదెందుకు?

బీజీఎంఐ, క్యారమ్స్, లూడో ఆడి తృప్తిగా ఉన్నవాళ్ళకి ఇది అవసరం లేదు. బీజీఎంఐ ఫోన్ గేమ్, స్విచ్‌లోనో స్టీమ్ డెక్‌లోనో ఆడుకునేది కాదు.

తేడా బటన్ల దగ్గర మొదలవుతుంది. సెలెస్ట్, హాలో నైట్ లాంటి గేముల్లో దూకడం, గాల్లో దిశ మార్చడం, గోడ పట్టుకోవడం అన్నీ రెప్పపాటులో జరిగిపోవాలి. టచ్ స్క్రీన్ మీద ఎక్కడ నొక్కామో బొటనవేలికి తెలియదు, పైగా ఆ వేలే సగం బొమ్మని కప్పేస్తుంది. రెండో తేడా డబ్బు దగ్గర. ఫోన్లో ఉచితంగా దొరికే గేములు చాలావరకు మనచేత మళ్ళీ మళ్ళీ ఖర్చు పెట్టించడానికే తయారైనవి. ఎనర్జీ అయిపోయింది, రేపు రండి, లేదంటే డబ్బు కట్టండి అంటాయి. ఒకసారి కొని, మొదటినుంచి చివరిదాకా ఆడి ముగించే గేములు కావాలనుకునేవాళ్ళకే హ్యాండ్‌హెల్డ్. దారిలో ఇంటికి కాల్ చేయడానికి ఫోన్లో ఛార్జింగ్ మిగలడం కూడా చిన్న విషయం కాదు.

స్విచ్, స్టీమ్ డెక్, అలై, పోర్టల్... అన్నీ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. తేడా ఏంటి?

నింటెండో స్విచ్ (2017), స్విచ్ 2 (2025) పూర్తిగా నింటెండో లోకం. జెల్డా, మారియో పెద్ద గేములు కావాలంటే అధికారికంగా అదొక్కటే దారి.

స్టీమ్ డెక్ (2022) నిజానికి ఒక చిన్న కంప్యూటర్. లినక్స్ ఆధారంగా తయారైన స్టీమ్‌ఓఎస్ మీద నడుస్తుంది. విండోస్ కోసం చేసిన గేముల్ని ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో ఆడిస్తుంది. ఆసుస్ ఆర్‌ఓజీ అలై, లెనోవో లీజియన్ గో లాంటివి ఎక్కువగా విండోస్‌తోనే వస్తాయి.

ప్లేస్టేషన్ పోర్టల్ వేరే రకం. అది సొంతంగా గేములు నడపదు. ఇంట్లో పీఎస్5 (సోనీ టీవీ కన్సోల్ ప్లేస్టేషన్ 5) ఉంటే దాని బొమ్మని వైఫై ద్వారా 8 అంగుళాల స్క్రీన్ మీదికి తెస్తుంది. పీఎస్5 లేనివాళ్ళు ధర తక్కువని దీన్ని కొనకండి.

వీటన్నిటికంటే చిన్నవి, చవకవి అన్‌బెర్నిక్, మియూ లాంటి చైనా కంపెనీల రెట్రో మెషీన్లు. పాత కన్సోళ్ళ గేములకి అవి చాలు.

పవర్ ఎక్కువున్నదే కొనడం మంచిది కదా? రేపు కొత్త గేములొస్తే?

హ్యాండ్‌హెల్డ్‌కి ఈ లెక్క పనిచేయదని చరిత్రే చెబుతోంది. 1989లో నింటెండో గేమ్ బాయ్ వచ్చింది. రంగులు లేవు, స్క్రీన్‌కి లైటు లేదు. నింటెండో ఇంజినీర్ గున్‌పెయ్ యొకోయ్ బృందం కావాలనే చవకైన, బాగా నలిగిన టెక్నాలజీ వాడింది. 4 పెన్సిల్ సెల్స్‌తో రోజులో చాలా గంటలు ఆడేవాళ్ళు. 1990లో సెగా గేమ్ గేర్ రంగుల స్క్రీన్‌తో, వెనక లైటుతో వచ్చింది. దానికి 6 సెల్స్ కావాలి, అవీ 3 నుంచి 5 గంటల్లో అయిపోయేవి. గేమ్ బాయ్, దాని కలర్ మోడల్ కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. గేమ్ గేర్ కోటి దాటి కొద్ది దూరంలోనే ఆగిపోయింది.

ఇవాళ కూడా అదే లెక్క. మొదటి స్టీమ్ డెక్ బ్యాటరీ 40 వాట్ అవర్ (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత). మొత్తం మెషీన్ 20 వాట్లు లాగితే 2 గంటలు, 8 వాట్లు లాగితే 5 గంటలు. 2023లో వచ్చిన మొదటి అలైకి కూడా 40 వాట్ అవర్ బ్యాటరీనే, కానీ స్క్రీన్ 1080పీ (డెక్‌ది 800పీ, అంకె పెరిగేకొద్దీ బొమ్మ స్పష్టం), ప్రాసెసర్ ఇంకా వేగం. ఆ వేగాన్ని పూర్తిగా వాడితే పెద్ద గేమ్ మధ్యలోనే ఛార్జర్ వెతుక్కోవాలి. ఆసుస్ కూడా 2024లో అలై ఎక్స్ తెచ్చినప్పుడు బ్యాటరీని 80 వాట్ అవర్‌కి రెట్టింపు చేసింది. 7 అంగుళాల స్క్రీన్ మీద 800పీకీ 1080పీకీ తేడా అక్షరాల్లో కొంచెం కనిపిస్తుంది, ఆటలో నాకు పెద్దగా కనిపించదు. గంటన్నరకీ మూడు గంటలకీ తేడా మాత్రం ప్రతి ప్రయాణంలో కనిపిస్తుంది.

ఎక్కువ సమయం ఇంట్లోనే, ప్లగ్ పెట్టుకుని, టీవీకి కలిపి ఆడేవాళ్ళయితే పవర్ ఉన్నదే తీసుకోండి. అప్పుడు మాత్రం దానికి అర్థం ఉంది.

నాకు రోజుకి గంట కూడా దొరకదు. డబ్బు దండగేనా?

హ్యాండ్‌హెల్డ్‌లు అసలు మీలాంటివాళ్ళ కోసమే అని నా నమ్మకం. స్విచ్‌లో, స్టీమ్ డెక్‌లో పవర్ బటన్ ఒకసారి నొక్కితే గేమ్ ఎక్కడుందో అక్కడే నిద్రపోతుంది. మళ్ళీ నొక్కితే కొన్ని సెకన్లలో అదే చోట లేస్తుంది. సేవ్ పాయింట్ వెతుక్కోనక్కర్లేదు. పినాకినిలో నెల్లూరు నుంచి చెన్నై వెళ్తూ గూడూరులో ఆపి, సూళ్ళూరుపేట దాటాక మళ్ళీ మొదలుపెట్టొచ్చు. అమ్మ అన్నానికి పిలిస్తే ఫైట్ మధ్యలోనే లేవొచ్చు. ఈ ఒక్క సదుపాయం వల్ల పెద్ద కథలున్న గేములు కూడా పావుగంట, పావుగంటగా పూర్తవుతాయి. విండోస్ మెషీన్లలో నిద్ర ఇంత నమ్మకంగా ఉండదు. సంచిలో పెట్టిన మెషీన్ దానంతటదే లేచి, వేడెక్కి, బ్యాటరీ ఖాళీ చేసేయడం వాటిలో మామూలు ఫిర్యాదు.

మా నాన్న ఇదంతా ఆన్‌లైన్ రమ్మీ లాంటిదే అంటున్నారు. ఏం చెప్పాలి?

నాన్నగారి భయాన్ని కొట్టిపారేయకండి. డబ్బు పెట్టి ఆడే యాప్‌ల వల్ల అప్పులపాలైన ఇళ్ళు మన ఊళ్ళలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతా డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ గేముల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని మాత్రం వేరుగా గుర్తించింది.

కన్సోల్ గేమ్‌లో పందెం లేదు, గెలిస్తే వచ్చే డబ్బు లేదు. ఒకసారి ధర కట్టి కొనుక్కుంటాం, నెట్ లేకుండా కూడా ఆడుకుంటాం. మాటలతో వాదించేకంటే ఒక సాయంత్రం ఆయన చేతికిచ్చి ఏదైనా రేసింగ్ గేమ్ ఆడించండి. ఇంకో నిజం కూడా ఆయనకి మీరే చెప్పండి: కొన్ని ఫుట్‌బాల్ గేముల్లో డబ్బు పెట్టి ప్యాక్‌లు కొంటే ఏ ఆటగాడు వస్తాడో ముందు తెలియదు. దానికీ జూదానికీ పెద్ద దూరం లేదని నేననుకుంటాను. అవి కొననని మాటిచ్చి, అకౌంట్‌లో కార్డు సేవ్ చేయకుండా ఉంచండి.

మా వాడికి పదేళ్ళు. కొనిపెట్టొచ్చా?

కొనిపెట్టొచ్చు, కానీ బరువు చూడండి. స్విచ్ లైట్ 275 గ్రాములు, మొదటి స్టీమ్ డెక్ 669 గ్రాములు. పదేళ్ళ పిల్లాడి మణికట్టుకి రెండోది బరువే. నింటెండో పేరెంటల్ కంట్రోల్స్ యాప్‌తో రోజుకి ఎంతసేపో మీ ఫోన్ నుంచే పెట్టొచ్చు, కొనుగోళ్ళు ఆపొచ్చు. అది మొదటిరోజే పెట్టండి. అలవాటు పడ్డాక పెడితే ఇంట్లో యుద్ధమే.

## కొనే రోజు

20 వేలల్లో ఏమొస్తుంది? 40 వేలల్లో? 70 వేలల్లో?

పది వేల లోపు రెట్రో మెషీన్లు వస్తాయి. 20 వేల చుట్టుపక్కల వాడిన స్విచ్ లైట్ దొరుకుతుంది, ఇంట్లో పీఎస్5 ఉంటే పోర్టల్ కూడా ఉంది. అది 2024 ఆగస్టులో మన దేశంలో రూ.18,990కి వచ్చింది. 40 వేల దగ్గర నా ఓటు మంచి స్థితిలో ఉన్న సెకండ్‌హ్యాండ్ స్టీమ్ డెక్‌కే, ఎందుకంటే స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల షాపులో రూపాయి ధరలుంటాయి, సేల్‌లో గేములు బాగా తగ్గుతాయి. 70 వేల దగ్గర అలై లాంటివి మొదలవుతాయి. జెడ్1 ఎక్స్‌ట్రీమ్ చిప్ ఉన్న మొదటి అలై 2023 జులైలో ఇక్కడ రూ.69,990కి దిగింది. దానికి బిల్లు, దేశంలోనే వారంటీ ఉంటాయి. ఆ నిశ్చింతకి విలువ ఇచ్చేవాళ్ళు దాన్ని ఎంచుకుంటే నేను కాదనను.

మెషీన్‌కే మొత్తం డబ్బు పెట్టేయకండి. మెమరీ కార్డు, కేసు, రెండు మూడు గేములకి కనీసం అయిదు వేలు పక్కన పెట్టుకోండి.

నింటెండో, స్టీమ్ డెక్ మన దేశంలో అధికారికంగా అమ్మరట కదా. మరి ఎట్టా?

దిగుమతి చేసుకున్న సరుకే దొరుకుతుంది. మనకి దగ్గరగా చెన్నై రిచీ స్ట్రీట్, అటువైపు సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీ. నెల్లూరు నుంచి చెన్నైకి పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు కాబట్టి, స్వయంగా వెళ్ళి, ఆన్ చేసి చూసి కొనడమే మంచిది. కంపెనీ వారంటీ ఇక్కడ పనిచేయదు. "మేం చూసుకుంటాం" అని షాపువాళ్ళు అంటే, ఎన్ని నెలలు, దేనికి వర్తిస్తుంది అన్నది బిల్లు మీదే రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోని షాపులో నేను కొనను.

అమెరికా నుంచి మా బావ తెస్తానంటున్నాడు. ఏం చూసుకోమనాలి?

ఛార్జర్ గురించి టెన్షన్ వద్దు. 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, పిన్ను మార్చే అడాప్టర్ చాలు. లిథియం బ్యాటరీ ఉన్న వస్తువు కాబట్టి చేతి సంచిలోనే తెమ్మనండి. బాక్సు అక్కడే తెరిచి, రెండు రోజులు ఆడి చూసి, స్క్రీన్, స్టిక్‌లు (బొటనవేళ్ళతో తిప్పే చిన్న మీటలు) బాగున్నాయని తేలాకే బయల్దేరమనండి. తిరిగిచ్చే అవకాశం అక్కడే ఉంది, ఇక్కడికొచ్చాక లేదు.

జపాన్ నుంచి ఎవరైనా స్విచ్ 2 తెస్తుంటే ఇంకో జాగ్రత్త. అక్కడ తక్కువ ధరకి అమ్మే మోడల్ జపనీస్ భాషలోనే పనిచేస్తుంది, జపాన్ అకౌంట్‌తోనే ముడిపడి ఉంటుంది. అన్ని భాషలున్న మోడల్ వేరు, దాని ధర ఎక్కువ. చవకగా వస్తోందని తొందరపడితే మెనూ కూడా చదవలేం.

సెకండ్‌హ్యాండ్ తీసుకునేటప్పుడు ఏం పరీక్షించాలి?

కనీసం అరగంట అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. ముందు సెట్టింగ్స్‌లో స్టిక్ టెస్ట్ తెరిచి, వేలు పెట్టకుండా చూడండి. చుక్క నడుమ నిలబడాలి. తర్వాత ఏదైనా బరువైన గేమ్ ఇరవై నిమిషాలు ఆడండి. ఫ్యాన్ శబ్దం గరగరలాడుతోందా, మెషీన్ ఆగిపోతోందా తెలుస్తుంది. ఛార్జర్ పెట్టి వైరుని మెల్లగా కదపండి, ఛార్జింగ్ పోతూ వస్తూ ఉంటే పోర్టు వదులైంది. మొదటి అలైలో మెమరీ కార్డు స్లాటు వేడికి పాడవుతుందన్నది అందరికీ తెలిసిన సమస్య, కాబట్టి ఒక కార్డు వెంట తీసుకెళ్ళి అందులో పెట్టి చూడండి.

స్విచ్ అయితే ఆన్‌లైన్ స్టోర్ తెరుచుకుంటోందా చూడాలి. హ్యాక్ చేసిన మెషీన్లని నింటెండో నెట్‌వర్క్ నుంచి నిషేధిస్తుంది, ఆ నిషేధం మెషీన్‌తోపాటే కొత్త యజమానికి వస్తుంది.

మన తీరం వైపు వాడిన మెషీన్లకి నేను తప్పకుండా చూసేది వెనక స్క్రూలు. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన వస్తువులకి స్క్రూల తలలు, పోర్టు అంచులు తుప్పు రంగులోకి మారతాయి. బయటే తుప్పుంటే లోపల బోర్డు మీద కూడా ఉప్పు చేరిందనే అనుకోవాలి.

ఓఎల్‌ఈడీ (మెరుగైన రంగుల స్క్రీన్) మోడల్‌కి అదనంగా పెట్టాలా?

స్టీమ్ డెక్ అయితే పెట్టండి. స్క్రీన్ 7.4 అంగుళాలు, 90 హెర్ట్జ్. దానికంటే ముఖ్యంగా బ్యాటరీ 50 వాట్ అవర్, చిప్ 6 నానోమీటర్లకి మారి తక్కువ కరెంటు లాగుతుంది, బరువూ కొంచెం తగ్గింది. స్విచ్ ఓఎల్‌ఈడీలో లోపలి చిప్ పాతదే, తేడా ముఖ్యంగా స్క్రీన్‌లో. ఎప్పుడూ టీవీకి పెట్టి ఆడేవాళ్ళకి అది అనవసరం.

ఎక్కువ జీబీ ఉన్నది తీసుకోవాలా, కార్డు వేసుకుంటే చాలా?

కార్డు చాలు. చిన్న గేములు కార్డులో ఎంత బాగా నడుస్తాయంటే తేడా తెలియదు. స్విచ్ 2కి మాత్రం గేముల కోసం మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి, మామూలు కార్డు పనికిరాదు. 1 టీబీ కార్డు నాలుగైదు వందలకి వస్తోందంటే అది నకిలీ. బయటికి 1 టీబీ చూపిస్తుంది, కొంత నిండాక ఫైళ్ళు పాడవుతాయి. కొన్నరోజే కంప్యూటర్‌లో పెట్టి చివరిదాకా నింపి పరీక్షించండి.

వేల గేములతో వచ్చే చైనా రెట్రో మెషీన్లు కొనొచ్చా? చట్టపరంగా సమస్యా?

మెషీన్ కొనడం తప్పు కాదు. పాత కన్సోల్‌ని అనుకరించే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ కూడా తప్పు కాదు. బాక్సులో వచ్చే కార్డులోని వేల గేములు మాత్రం హక్కుదారుల అనుమతి లేని కాపీలు. నాకు ఇందులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పదివేల గేముల జాబితా చేతిలో ఉంటే దేన్నీ పదినిమిషాలకి మించి ఆడం. ఇలాంటి మెషీన్ల కోసం ఇప్పటికీ కొత్తగా గేములు రాసి అధికారికంగా అమ్మేవాళ్ళు, ఉచితంగా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. అలాంటివి ఒక అయిదు పెట్టుకుంటే ఆ చిన్న మెషీన్ ఎంత ఆనందం ఇస్తుందో తెలుస్తుంది. ఈ మెషీన్లలో చాలావాటికి ఫ్యాన్ ఉండదు, వేడి తక్కువ, జేబులో పడతాయి.

## తెచ్చిన మొదటి వారం

100 జీబీ గేమ్ డౌన్‌లోడ్ ఎట్టా చేసేది?

లెక్క చూడండి. 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటే సుమారు రెండుంపావు గంటలు. 40 ఎంబీపీఎస్ అయితే అయిదున్నర గంటలు, రాత్రి పెట్టి పడుకోవాలి. రోజుకి 1.5 జీబీ మొబైల్ డేటాతో అయితే రెండు నెలలు దాటుతుంది, ఆ ఆలోచన మానేయండి.

స్టీమ్‌లో 2023 నుంచి ఒక మంచి సదుపాయం ఉంది. ఒకే వైఫైలో ఉన్న ఇంకో కంప్యూటర్‌లోనో డెక్‌లోనో ఆ గేమ్ ఇన్‌స్టాల్ అయి ఉంటే, నెట్ నుంచి కాకుండా అక్కడినుంచే కాపీ అవుతుంది. గేమ్ మీ అకౌంట్‌లో ఉండాలి, ఫైళ్ళు స్నేహితుడివైనా పర్వాలేదు. ఫైబర్ రాని పల్లెల్లో ఉండేవాళ్ళు ఆదివారం టౌన్లో స్నేహితుడింటికి మెషీన్ తీసుకెళ్ళి నింపుకోవచ్చు.

ఏ గేముతో మొదలుపెట్టమంటావు?

చాలామంది మొదటిరోజే ఎల్డెన్ రింగ్, సైబర్‌పంక్ వేసి, ఫ్రేములు (సెకనుకి స్క్రీన్ మీద మారే బొమ్మలు) తగ్గుతున్నాయని, అక్షరాలు చిన్నగా ఉన్నాయని నిరాశపడతారు. అవి గొప్ప గేములే. కానీ పెద్ద స్క్రీన్‌ని మనసులో పెట్టుకుని చేసినవి.

హేడీస్ (2020)తో మొదలుపెట్టండి. ఒక్కో ప్రయత్నం అరగంటలో అయిపోతుంది, ఓడిపోయినా కథ ముందుకే నడుస్తుంది, తక్కువ కరెంటుతో చక్కగా నడుస్తుంది. ఓడిపోవడం మీద కోపం రాకుండా చేసిన గేమ్ నాకు తెలిసి ఇదొక్కటే. స్టార్డ్యూ వ్యాలీ (2016) వ్యవసాయం గేమ్, మొత్తం ఒక్క మనిషి, ఎరిక్ బరోన్, చేశాడు. నీళ్ళు పెట్టడం, కోత, చేపలు పట్టడం, ఊళ్ళోవాళ్ళతో పరిచయాలు పెంచుకోవడం. పొలం పనులు తెలిసిన ఇంటినుంచి వచ్చినవాళ్ళకి అది ఎంత శ్రద్ధగా చేసిందో వెంటనే అర్థమవుతుంది. మా ఇంట్లో గేములంటే గిట్టనివాళ్ళు కూడా దాన్ని వదల్లేదు. బలాట్రో (2024) పేకముక్కల గేమ్, డబ్బుతో సంబంధం లేదు, బస్సులో అద్భుతం. కష్టం కోరుకునేవాళ్ళకి సెలెస్ట్ (2018).

మన దేశంలో తయారైంది కావాలంటే పుణెలోని నాడింగ్ హెడ్స్ చేసిన రాజీ (2020) ఉంది. ఫైటింగ్ అంత పదునుగా ఉండదు. కానీ కోటలు, కథ చెప్పే బొమ్మలు మనవి. అలాంటివి ఇంకా రావాలంటే మనమే కొనాలి.

ఇంగ్లిష్ సరిగా రాదు. తెలుగులో గేములున్నాయా?

పెద్ద కన్సోల్ గేముల్లో తెలుగు దాదాపు లేదు. సినిమాలకి, సీరియళ్ళకి ఇన్ని భాషల్లో డబ్బింగ్ చేసే రోజుల్లో కోట్లమంది మాట్లాడే భాషకి సబ్‌టైటిల్స్ కూడా లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది. అంతవరకు మాటలు అవసరం లేని గేములున్నాయి. లింబో (2010), ఇన్‌సైడ్ (2016), గ్రిస్ (2018). వీటిలో చదవాల్సింది దాదాపు ఏమీ ఉండదు, కథ మొత్తం కళ్ళకే అర్థమవుతుంది. గ్రిస్‌లో రంగులు ఒక్కొక్కటే తిరిగొస్తుంటే మా అమ్మ పక్కన కూర్చుని చూసింది.

క్రికెట్ ఆడొచ్చా?

క్రికెట్ 24 (2023) ఉంది, హ్యాండ్‌హెల్డ్ పీసీల్లో నడుస్తుంది. బ్యాటింగ్ బాగుంటుంది, ఫీల్డింగ్ అప్పుడప్పుడు చిరాకు పెడుతుంది. సేల్‌లో కొనండి, పూర్తి ధరకి వద్దు.

వాలరెంట్, ఫోర్ట్‌నైట్, జీటీఏ ఆన్‌లైన్ స్టీమ్ డెక్‌లో వస్తాయా?

స్టీమ్‌ఓఎస్‌లో రావు. మోసాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్‌ని ఆ కంపెనీలు లినక్స్‌లో అనుమతించలేదు. జీటీఏ 5 కథ ఆడుకోవచ్చు, ఆన్‌లైన్ భాగం మాత్రం 2024 సెప్టెంబరులో కొత్త యాంటీ చీట్ పెట్టాక డెక్‌లో ఆగిపోయింది. ఫోర్ట్‌నైట్ విండోస్ మెషీన్లలో, స్విచ్‌లో ఉంది. పీసీ వాలరెంట్‌కి కంట్రోలర్ సపోర్టే లేదు కాబట్టి దానికోసం ఏ హ్యాండ్‌హెల్డూ కొనకండి.

స్టీమ్‌లో కొన్న గేమ్ నచ్చకపోతే?

కొన్న 14 రోజుల్లో, ఆడిన సమయం 2 గంటల లోపు ఉంటే అడిగితే డబ్బు తిరిగిస్తారు. కొత్త గేమ్ మీ మెషీన్‌లో ఎలా నడుస్తుందో చూడ్డానికి ఇదే సరైన దారి.

## రోజూ ఆడేటప్పుడు

ఎండాకాలం వేడెక్కి ఫ్రేములు పడిపోతున్నాయి. పాడైందా?

పాడవలేదు, తనని తాను కాపాడుకుంటోంది. స్టీమ్ డెక్ చుట్టూ ఉన్న గాలి 35 డిగ్రీల లోపు ఉంటేనే బాగా పనిచేస్తుందని తయారుచేసిన వాల్వ్ కంపెనీయే చెప్పింది. చిప్ 100 డిగ్రీలకి చేరితే వేగం తగ్గించుకుంటుంది, 105 దగ్గర ఆగిపోతుంది. స్విచ్‌కి కూడా నింటెండో చెప్పిన హద్దు 35 డిగ్రీలే. రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు మనవాళ్ళు, ఆ రోజుల్లో నెల్లూరులో, ఒంగోలులో మధ్యాహ్నం 40 దాటడం మామూలే. అంటే ఏసీ లేని గదిలో ఈ మెషీన్లు ఆటకి కూర్చునే ముందే హద్దు దాటి ఉన్నాయి.

అందుకని వేసవిలో నేను చేసేది ఇది. ఫ్రేముల్ని 30కో 40కో కట్టేస్తాను. డెక్‌లో పక్కమెనూ తెరిచి ప్రాసెసర్ వాట్లని 8, 10 మధ్యకి తగ్గిస్తాను. 2డీ గేములకి అంతకంటే అక్కర్లేదు. మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టి ఆడను, ఎందుకంటే ఛార్జింగ్ వేడి, ఆట వేడి కలిస్తే దెబ్బ తగిలేది బ్యాటరీకి. బరువైన గేములు రాత్రి పది తర్వాత. దిండు మీద, దుప్పటి మీద పెట్టి ఆడితే గాలి దారి మూసుకుపోతుంది. వేడెక్కిందని ఫ్రిజ్‌లో పెట్టే ఆలోచన అసలు వద్దు, లోపల చెమ్మ పడుతుంది. ఎండలో ఆపిన కారులోనూ, బండి డిక్కీలోనూ ఒక్క పావుగంట కూడా వదలకండి.

బ్యాటరీ రెండు గంటలు కూడా రావట్లేదు. ఏం మార్చాలి?

ముందు ఫ్రేములు, తర్వాత వాట్లు, ఆ తర్వాత స్క్రీన్ వెలుతురు. 60 ఫ్రేముల నుంచి 40కి దిగితే చాలా గేముల్లో తేడా కొద్దిసేపట్లో మర్చిపోతాం, బ్యాటరీ మాత్రం గట్టిగా మిగులుతుంది. కంపెనీలు చెప్పే అంకెల్లో చిన్న గేములకి వచ్చేదీ పెద్ద గేములకి వచ్చేదీ రెండూ ఉంటాయి. స్విచ్ 2కి 2 నుంచి 6.5 గంటలు, మొదటి డెక్‌కి 2 నుంచి 8 గంటలు అన్నారు. పెద్ద గేములు ఆడితే చిన్న అంకెనే నమ్మండి.

ఏ పవర్ బ్యాంక్ తీసుకోవాలి?

డెక్‌కి 45 వాట్లు, అలైకి 65 వాట్లు ఇచ్చే పీడీ (యూఎస్‌బీ పవర్ డెలివరీ) ఉన్నది. బాక్సు మీద "ఫాస్ట్ ఛార్జింగ్ 22.5 వాట్లు" అని ఉంటే అది ఫోన్‌కే. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్. దారిలో పోయే నష్టం తీసేస్తే మొదటి డెక్‌ని ఒకటిన్నర సారి నింపుతుంది. 100 వాట్ అవర్ లోపు కాబట్టి విమానంలో చేతి సంచిలో పెట్టుకోవచ్చు.

కరెంటు పోయి వస్తుంటే ఛార్జింగ్‌లో పెట్టొచ్చా?

ఆటకి ఏమీ కాదు, బ్యాటరీ ఉంది కదా. ఛార్జర్‌కి మంచి స్పైక్ గార్డు పెట్టండి. ఉరుములప్పుడు ప్లగ్ తీసేయండి.

మాది సముద్రం పక్క ఊరు. వాడేది క్వారీ దుమ్ములో. మెషీన్ ఎన్నాళ్ళుంటుంది?

ఫ్యాన్ ఉన్న ప్రతి మెషీన్ బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఉప్పుగాలిలో చెమ్మ, చీమకుర్తి వైపు గ్రానైట్ పొడి రెండూ ఆ దారినే వెళ్తాయి. ఆడనప్పుడు జిప్ ఉన్న కేసులో, రెండు సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. బీచ్‌కి తీసుకెళ్ళకండి. ఏడాదికోసారి తెలిసిన మనిషి చేత వెనక మూత తీయించి ఫ్యాన్ శుభ్రం చేయించండి. చేపల పులుసు తిన్న చేతుల్ని సబ్బుతో కడిగి, తుడుచుకుని పట్టుకోండి, నూనె స్టిక్ అడుగున చేరితే దుమ్ము అక్కడే అంటుకుంటుంది.

నేను ముట్టుకోకుండానే బొమ్మ నడుస్తోంది. ఏమైంది?

దీన్ని స్టిక్ డ్రిఫ్ట్ అంటారు. మామూలు స్టిక్‌ల లోపల రెండు భాగాలు ఒకదానికొకటి రాసుకుంటూ కదలికని కొలుస్తాయి. అరిగేకొద్దీ తప్పు కొలత ఇస్తాయి. ముందు సెట్టింగ్స్‌లో కాలిబ్రేట్ చేసి (కొలత సరిచేసి), డెడ్ జోన్ (స్టిక్ చిన్న కదలికల్ని పట్టించుకోని మేర) కొద్దిగా పెంచండి. కొన్ని నెలలు గడుస్తుంది. తగ్గకపోతే అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్ వేయించండి, అందులో రాపిడి లేదు కాబట్టి అలా అరగదు. డెక్‌లో, స్విచ్‌కి పక్కన ఉండే జాయ్‌కాన్ కంట్రోలర్లలో ఇది స్క్రూడ్రైవర్ పనే, ఓపికున్న మొబైల్ రిపేర్ మనిషి చేయగలడు. వీడియో చూపించి, మీరు పక్కనే కూర్చోండి.

## పాతబడ్డాక

కొత్త మోడల్ వస్తుందంటున్నారు. ఆగాలా?

ఆడాలనుకున్న గేములు ఇప్పుడున్న మెషీన్‌లో నడుస్తుంటే ఆగొద్దు. నడవకపోతే ఆగండి.

వెనక మూత కొంచెం ఉబ్బినట్టుంది. వాడొచ్చా?

వాడొద్దు. బ్యాటరీ ఉబ్బింది. వెంటనే ఆపి, ఛార్జర్ తీసి, మంచానికి, బట్టలకి దూరంగా పెట్టండి. గుచ్చకండి, నొక్కి మూయకండి. బ్యాటరీ మార్చడం తెలిసినవాళ్ళకే ఇవ్వండి. మార్చిన పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి.

అమ్మేద్దామనుకుంటున్నా. ముందు ఏం చేయాలి?

సేవ్‌లు క్లౌడ్‌లోకి వెళ్ళాయో లేదో చూసుకోండి. అకౌంట్ తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, కార్డు బయటికి తీయండి. డిజిటల్‌గా కొన్న గేములు మీ అకౌంట్‌తోనే ఉంటాయి, కొన్నవాళ్ళకి వెళ్ళవు. ఈ విషయం వాళ్ళకి ముందే చెప్పండి. స్విచ్ క్యాట్రిడ్జ్‌లు విడిగా అమ్మితేనే ఎక్కువ వస్తుంది, పాత నింటెండో గేముల ధర త్వరగా పడిపోదు. స్విచ్ 2కి వచ్చే గేమ్ కీ కార్డుల్లో మాత్రం గేమ్ ఉండదు, డౌన్‌లోడ్ చేసుకునే తాళం మాత్రమే ఉంటుంది. అమ్మేటప్పుడు అది కూడా చెప్పాలి. బిల్లు, బాక్సు, ఛార్జర్ ఉంటే బేరం తొందరగా తేలుతుంది. స్టిక్‌కి డ్రిఫ్ట్ ఉంటే దాచకుండా చూపించి, ఆ మేరకు తగ్గించి ఇవ్వండి.